మాస్టారి బండిలో మూడు రకాల పురుగులు

ప్రశ్న: నేను కావలిలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారిని. పోయిన సంక్రాంతికి పన్నెండు సీట్ల పాత టెంపో ఒకటి కొన్నాను. సీట్లు తీయించి రెండు మంచాలు, వంటగట్టు, అలమరలు, నీళ్ళ ట్యాంకు పెట్టించి కారవాన్‌లా చేయించుకున్నాను. మార్చిలో మైపాడు వెళ్తూ వరిచేల పక్కన ఒక రాత్రి ఆగాం. రెండో రోజుకు మా ఆవిడ మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రటి చార తేలింది. ఎండలు పోయి మొదటి వాన పడిన రాత్రి, ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్న బండిలోకి గోధుమరంగు పెంకు పురుగులు గంపెడు వచ్చిపడ్డాయి. ఇవి కాక వంట అలమరలో చిన్నచిన్న పురుగులు ఎప్పుడూ ఉంటున్నాయి. కిటికీలన్నిటికీ జాలీలు కొట్టించినా తగ్గలేదు. చీమల సంగతి సరేసరి. పక్కింటాయన తన పొలం మందు సీసా ఇచ్చి, బండంతా పిచికారీ చేసి గంటసేపు తలుపులు మూసిపెట్టమన్నారు. సీసా మీద డైక్లోర్‌వాస్ అని ఉంది. దసరా సెలవులకు మనవరాళ్ళను తీసుకుని ఉదయగిరి, భైరవకోన వెళ్దామనుకుంటున్నాం. మందు కొట్టమంటారా? ఇంకో మాట. బండిలోకి మిణుగురు వస్తే సీసాలో పెట్టుకోవచ్చా అని మా చిన్న మనవరాలు మిమ్మల్ని అడగమంది.

జవాబు: మాస్టారూ, ముందు ఆ సీసా మూత తీయకండి. తతిమ్మా సంగతులు తర్వాత.

డైక్లోర్‌వాస్ వాడకం మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషిద్ధం. కేంద్రం 2018లోనే ఉత్తర్వు ఇచ్చి, పాత నిల్వలు తీరడానికి గడువు పెట్టింది. పక్కింటాయన దగ్గర ఉన్నది ఆ పాత నిల్వల్లో మిగిలిన సీసా కావచ్చు. ఇది ఆవిరై గాలిలో నిలిచే మందు. పురుగును ఏ దారిన చంపుతుందో మనిషి నరాల మీద కూడా ఆ దారినే పనిచేస్తుంది. మీరు లెక్కల మాస్టారు కనుక ఒక చిన్న లెక్క. మీ టెంపో లోపలి పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.7, ఎత్తు 1.8 అనుకోండి. గుణిస్తే 12 ఘనపు మీటర్ల చిల్లర వస్తుంది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో గాలి 34 ఘనపు మీటర్లు. అంటే గదిలో కొట్టేంత మందే బండిలో కొడితే ఘాటు దాదాపు మూడింతలు. పైగా మంచాల స్పాంజి, తెరలు, సీలింగు గుడ్డ ఆ ఆవిరిని పీల్చుకుంటాయి. గంట తర్వాత తలుపు తీసినంత మాత్రాన అది పోదు. మనవరాళ్ళు తలపెట్టి పడుకునేది ఆ స్పాంజి మీదే. సీసాను తాళం ఉన్న చోట పెట్టి, మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి ఆయన చెప్పినట్టు వదిలించుకోండి. కాలవలో మాత్రం పోయకండి.

ఇదే వరసలో ఇంకొకటి. బియ్యం మిల్లు వాళ్ళను అడిగితే గోదాముల్లో బస్తాల మధ్య పెట్టే మాత్రలు రెండు తెచ్చి అలమరలో పడేయమంటారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలోని చెమ్మ తగిలితే విషవాయువు వదులుతాయి. మనుషులు నిద్రపోయే బండిలో వాటిని పెట్టాలన్న ఆలోచనే రానివ్వకండి.

ఇక పురుగుల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు మూడు వేరువేరు లెక్కలను ఒకే సూత్రంతో చేయబోయారు. మెడ మీద వాత తేల్చిన పురుగు ఒకటి, వేపచెట్టు కింద కురిసిన పురుగు ఒకటి, అలమరలో కాపురమున్న పురుగు ఒకటి. మొదటి రెండూ బయటి నుంచి దీపం చూసి వచ్చినవి. మూడోది ఎక్కడి నుంచీ రాలేదు, మీరే తెచ్చిపెట్టుకున్నారు. కిటికీ జాలీ దాన్ని ఆపలేకపోయిందంటే తప్పు జాలీది కాదు.

వేపచెట్టు పురుగుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది చూడటానికే భయంకరం, మిగతా రెండింటితో పోలిస్తే అమాయకురాలు. మెట్టపొలాల్లో వేరుశనగ వేసే రైతును అడగండి, వేరు పురుగు అంటే ఏమిటో చెబుతాడు. మట్టిలో తెల్లగా, వంకరగా ముడుచుకుని వేళ్ళు కొరికే పురుగు. మీ బండిలో పడినవి దాని తల్లి పురుగులు. వేసవంతా నేలలో దాక్కుని, మొదటి గట్టి వానకు మట్టి మెత్తబడగానే మునిమాపు వేళ గుంపులుగా పైకి లేస్తాయి. లేచి నేరుగా వేప, రేగు చెట్ల మీదికి వెళ్ళి ఆకు తింటాయి, తెల్లవారకముందే మళ్ళీ మట్టిలోకి దిగుతాయి. అందుకే వ్యవసాయశాఖ వాళ్ళు మొదటి వాన పడిన రాత్రుల్లో వేపకొమ్మలు దులిపి తల్లి పురుగులను ఏరి చంపమని రైతులకు చెబుతుంటారు. వాటికి సరిగ్గా భోజనాల వేళ, సరిగ్గా భోజనశాల కింద, తెల్ల ట్యూబులైటు వేసుకుని, తలుపు తీసిపెట్టి మీరు కూర్చున్నారు. అవి కరవవు, కుట్టవు, బండిలో గుడ్లు పెట్టవు. చీపురుతో ఊడ్చి పారేస్తే సరి. ఆ నాలుగైదు రాత్రులు బండిని చెట్టు కింద నుంచి తీసి వాకిట్లో ఆరుబయట నిలిపితే చాలు. దీనికి జాలీలు, మందులు, ఖర్చులు ఏవీ అక్కర్లేదు.

అమ్మగారి మెడ మీది చార సంగతి వేరు. మీరు ఉత్తరంలో నీటిపొక్కులు లేచే సర్పి జబ్బు అనుకుని ఎవరి దగ్గరికైనా వెళ్ళారో లేదో రాయలేదు. చాలామంది అలాగే అనుకుంటారు. నేను చూడలేదు కనుక రోగం పేరు నేను తేల్చను. కానీ మార్చి నెల, వరిచేను పక్క, రాత్రి దీపం, మర్నాడు కాక రెండో రోజుకు తేలిన పొడవాటి చార. ఈ నాలుగూ కలిస్తే నాకు తోచేది ఒకటే పురుగు. వరిచేలో పనిచేసిన వాళ్ళు దాన్ని చూసే ఉంటారు, ఎక్కువమంది చీమ అనుకుని వదిలేస్తారు. సెంటీమీటరుకు లోపు పొడవు, దారప్పోగులా సన్నం. తల నలుపు, మెడ నారింజ, నడుము మీద నీలం మెరిసే నల్లటి పొట్టి రెక్కలు, మళ్ళీ నారింజ, తోక కొస నలుపు. రంగు దారాలు చుట్టిన అగ్గిపుల్ల ముక్కలా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తుతుంది. శాస్త్రం వాళ్ళు పెడెరస్ అంటారు. ఇది కూడా పెంకు పురుగుల జాతే, పెంకు మాత్రం సగం ఒంటికే ఉంటుంది.

ఇది కరవదు, కుట్టదు. దాని ఒంట్లో పెడెరిన్ అనే విషద్రవం ఉంది. మెడ మీద ఏదో పాకుతున్నదని నిద్రలో చేత్తో రుద్దుతాం చూడండి, అప్పుడు పురుగు చితికి ఆ ద్రవం చర్మానికి పూసుకుంటుంది. చెయ్యి ఎంత దూరం రుద్దితే చార అంత పొడవు. వెంటనే మంట పుట్టదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, నీటి బుడగలు లేచి, రెండు వారాల్లో మాని, మచ్చ కొన్నాళ్ళు ఉంటుంది. అందువల్లే పురుగుకూ పుండుకూ సంబంధం ఎవరికీ తట్టదు.

అందుచేత ఇది ఒంటి మీద కనిపిస్తే కొట్టకండి, నలపకండి. ఊదేయండి, లేదా కాగితం ముక్క దాని ముందు పెట్టి ఎక్కించుకుని బయట దులపండి. చితికిందని అనుమానం వస్తే అప్పటికప్పుడు సబ్బు నీళ్ళతో ఆ చోటు, చేతులు రెండూ కడగాలి, తువ్వాలు కూడా ఉతకాలి. కడగని చేత్తో కళ్ళు నులుముకోవడం అన్నిటికంటే ప్రమాదం. కన్ను ఎర్రబడి వాస్తే ఇంటి వైద్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మనవరాళ్ళకు ఈ పురుగు బొమ్మ గీసి చూపించండి. పిల్లలకు ఒకసారి చెబితే మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

ఇంత చెప్పి మళ్ళీ ఈ మాటంటే మీకు వింతగా ఉంటుందేమో. వరి రైతుకు ఇది మిత్ర పురుగు. వరి రసం పీల్చే సుడిదోమను, పచ్చదోమను పట్టి తింటుంది. చేలో ఉన్నంతవరకూ దాని పని అది చేసుకుంటుంది. కోతకు ముందు మడి ఆరగట్టినప్పుడు, కోత మిషను దిగినప్పుడు దాని ఇల్లు చెదిరి బయట పడుతుంది, దీపాల వైపు నడుస్తుంది, ఎగురుతుంది. మన నెల్లూరు డెల్టాలో అసలు పంట ఈశాన్య ఋతుపవనాల వానలకు పడి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు వస్తుంది. ఎడగారు, అంటే వేసవిలో రెండో పంట వేసిన చోట ఆగస్టు, సెప్టెంబరుల్లో మరో కోత. మీరు మైపాడు దారిలో ఆగింది మొదటి కోతల కాలంలో. ఆ నెలల్లో రాత్రి మకాం పెట్టేటప్పుడు కోసిన చేను నుంచి, కోతకు వచ్చిన చేను నుంచి దూరంగా ఆగండి. ఊళ్ళో గుడి ముందు ఖాళీ స్థలం, పెట్రోలు బంకు ఆవరణ, సముద్రపు ఒడ్డు ఏదైనా ఫరవాలేదు. సముద్రం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఆగితే ఇంకో రకం ఉంటుంది. దోమల్లాగే ఉండి కుట్టనివి, చెరువు అడుగు బురదలో పుట్టేవి, దీపం చుట్టూ పొగలా ముసురుతాయి. అన్నంలో పడతాయన్న బాధ తప్ప వాటితో హాని లేదు.

బయటి నుంచి వచ్చే వాటికి మూలం దీపం అన్నాను. దీని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ అతి తక్కువ ఖర్చుతో సగం పని అయిపోతుంది. పురుగుల కంటికి నీలం, దానికి అవతల మనకు కనిపించని అతినీలలోహిత కాంతి బాగా ఆనుతాయి. తెల్లటి ట్యూబులైటులో ఆ రెండూ ఉంటాయి, చల్లని తెలుపు ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ. పసుపు రంగు ఎల్‌ఈడీలో నీలం తక్కువ. బల్బు పెట్టె మీద 6500 అని ఉంటే అది పురుగులకు పెళ్ళిపందిరి. 2700 లేదా 3000 అని ఉన్నది తెచ్చి బండి లోపల, తలుపు మీద రెండు చోట్లా మార్చండి. పురుగు అసలు రాదని కాదు, బాగా తగ్గుతుంది. మీరు బండిలో పెట్టించిన తెల్ల పట్టీ దీపాలు అందంగా ఉన్నాయని ఫొటో పంపారు. అందంగానే ఉన్నాయి, తీయించేయండి.

రెండో పని, రైతులు చేసేదే. చేలో దీపపు ఎర పెడతారు కదా. మీరు ఆగిన చోట బండికి ముప్పై అడుగుల దూరంలో, మీకు గాలివాటుకు పక్కగా, ఒక తెల్ల దీపాన్ని కొమ్మకు వేలాడదీసి, దాని కింద బేసినులో సబ్బు నీళ్ళు పెట్టండి. చార్జింగు లాంతరు చాలు. చీకటి పడ్డాక మొదటి రెండు గంటలే పురుగుల రద్దీ. ఆ సమయంలో బండి తలుపు మూసి, తెరలు దించి ఉంచితే ఎనిమిదిన్నర తర్వాత హాయిగా బయట కుర్చీలు వేసుకోవచ్చు. తలుపు తీయవలసి వస్తే లోపల దీపం ఆర్పి తీయాలి. మా ఇంట్లో ఈ అలవాటు పడటానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు ఇంటి తలుపు తీసేటప్పుడు కూడా మా ఆవిడ స్విచ్చు ఆర్పేస్తుంది, వచ్చిన చుట్టాలు చీకట్లో గడప తన్నుకుంటారు.

జాలీల మాటకొస్తే, కిటికీలకు కొట్టించి ఊరుకున్నారు. పురుగులు కిటికీలోంచే రావాలని నియమం ఏమీ లేదు. పాత బండికి ఎన్ని చిల్లులు ఉంటాయో కళ్ళారా చూస్తే తప్ప నమ్మలేం. నేను చూసిన తీరు చెబుతాను. మా బండి కొన్న కొత్తలో, ఒక అమావాస్య రాత్రి దాన్ని మిద్దె పక్క చీకట్లో పెట్టి, లోపల గట్టి బల్బు వెలిగించి, తలుపులు, తెరలు మూసి, చాప పరుచుకుని బండి కిందికి దూరాను. పైన చూస్తే ఆకాశమే. గేరు రాడ్డు చుట్టూ చిరిగిన రబ్బరు బూటు చంద్రవంకలా వెలుగుతోంది. బ్రేకు, క్లచ్చు పెడళ్ళ దగ్గర రెండు గీతలు. వంటగట్టు నీళ్ళు బయటికి పోవడానికి బాడీ కట్టినవాడు రెండంగుళాల చిల్లు తొలిచి అందులో ముప్పావు అంగుళం పైపు దించి చేతులు దులుపుకున్నాడు. ఆ సందులో బొద్దింక ఒకటి మీసాలు బయటికి పెట్టి నన్నే చూస్తోంది. కరెంటు తీగల కట్ట దిగే చోట రబ్బరు బిళ్ళ ఊడిపోయి ఉంది. సుద్దముక్కతో ఒక్కో చోటూ గుర్తు పెట్టుకుంటూ వస్తే పదిహేడు తేలాయి. మీరు కింద పడుకోలేరు కనుక ఒక మెకానిక్ కుర్రవాణ్ణి దింపండి, లేదా తిరగేసి చేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి నిలిపి, తెరలన్నీ దించి, లోపల చీకట్లో పది నిమిషాలు కూర్చుంటే వెలుగు ఎక్కడెక్కడ చొరబడుతోందో కళ్ళు పట్టిస్తాయి.

పూడ్చేటప్పుడు పద్ధతి ఉంది. తీగలు, పైపులు దిగే చోట ముందు సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పీచు దూర్చి దాని మీద సిలికాన్ పూయాలి. ఉత్త సిలికానో, ఉత్త ఫోమో అయితే ఎలుక కొరికేస్తుంది, ఎలుక చేసిన దారిలో మిగతావి వస్తాయి. మామూలు ఇనుప పీచు సముద్రపు గాలికి ఏడాదిలో తుప్పు పొడి అవుతుంది, మన వైపు అది వద్దు. గేరు బూటు కొత్తది వేయించండి. జారే తలుపు చుట్టూ రబ్బరు బీడింగు గట్టిపడి పగిలి ఉంటే మార్చండి. తలుపు అంచులో కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. మీ కిటికీ జాలీ ఇనుపదైతే దాన్ని కూడా ఫైబరు జాలీగా మార్చుకోవడం మేలు. తలుపుకు మాత్రం మధ్యలో అయస్కాంతాలతో తనంత తానే మూసుకునే తెర కట్టించండి. తోసుకుని వెళ్ళే పిల్లలున్న బండికి వేరే ఏదీ నిలవదు.

పూడ్చకూడని చిల్లులు కూడా ఉన్నాయి, ఇది గట్టిగా చెబుతున్నాను. గ్యాసు సిలిండరు పెట్టే గూటికి కింది భాగంలో ఉన్న రంధ్రాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. ఆ రంధ్రం గుండా బయటికి పోకపోతే బండి నేల మీద నిలిచి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. పురుగు వస్తుందన్న భయం ఉంటే లోహపు జాలీ ముక్క బిగించండి, అంతే. బ్యాటరీ పెట్టె గాలి రంధ్రం కూడా అంతే. మూడోది తలుపుల కింద అంచున ఉండే సన్నటి చీలికలు. నేను ఉత్సాహం కొద్దీ వాటికి కూడా సిలికాన్ పూశాను. అవి తలుపు లోపలికి దిగిన వాననీరు కారిపోవడానికి పెట్టినవట. అక్టోబరు, నవంబరు వానలకు నీళ్ళు లోపలే నిలిచి, సంక్రాంతికల్లా తలుపు అడుగు రేకు అప్పడంలా చిట్లింది. పురుగులు రాలేదు గానీ ఆ తలుపుకు అయిన ఖర్చు తలుచుకుంటే పురుగులే నయం అనిపించింది.

చేతులు కడిగే సింకు పైపుకు కింద వంపు ఉందో లేదో చూడండి. ఆ వంపులో నిలిచే నీళ్ళే బొద్దింకకు అడ్డు. బండి నెల రోజులు కదలకుండా ఉంటే ఆ నీళ్ళు ఆరిపోతాయి, వారానికోసారి గ్లాసుడు నీళ్ళు పోయాలి. వంపే లేకపోతే ప్లంబరును పిలిచి పెట్టించాలి, పెద్ద పని కాదు. అప్పటికే కాపురం పెట్టిన బొద్దింకలకు కొట్టులో దొరికే జెల్లు మందు అలమర కీళ్ళ దగ్గర, మూలల్లో కందిగింజంత చుక్కలు పెడితే చాలు. పొగలా కొట్టే స్ప్రే డబ్బాలు ఈ ఇరుకులో వద్దు, పొయ్యి వెలుగుతున్నప్పుడు అసలే వద్దు, వాటిలో మందును తోసే వాయువుకు మంట అంటుకుంటుంది. కలరా ఉండలు కూడా తీసేయండి. ఉండలు పెట్టిన పెట్టెలో పిల్లలను పడుకోబెట్టడం లాంటిదే అది.

మూడో పురుగు దగ్గరికి వచ్చాం. మీరు అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి పంపిన వాటిని భూతద్దం కింద చూశాను. అందులో రెండు రకాలున్నాయి. ముక్కు ఏనుగు తొండంలా ముందుకు సాగినది బియ్యపు ముక్కు పురుగు, అది అందరికీ తెలిసినదే. రెండోది చూసి నాకు నవ్వు వచ్చింది. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, వీపు గూని, తల కిందికి వంచుకుని సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. ఇది పొగాకు పురుగు. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లున్న ఇళ్ళలో పుట్టి పెరిగిన వాళ్ళకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. నిల్వ పొగాకు తిని బతుకుతుంది, చుట్టలకు, సిగరెట్లకు సన్నటి చిల్లులు పెడుతుంది. అయితే మీ బండిలో ఎవరూ చుట్ట కాల్చరని రాశారు. ఆ పురుగుకు పొగాకే కావాలని పట్టుదల లేదు. కారం, పసుపు, ధనియాలు, ఎండుమిర్చి, జీలకర్ర ఏదైనా సరే. అంత ఘాటైన పొగాకునే అరిగించుకున్న కడుపుకు మీ ఇంటి కారం ఒక లెక్కా.

మీరు సంక్రాంతికి బండి కొన్నారు. అప్పుడే అలమర సర్ది ఉంటారు. ఇంటి కారం డబ్బాలోంచి కొంత, పసుపు కొంత ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పెట్టి ఉంటారు. అందులో కంటికి కనిపించని గుడ్లు ఉన్నాయి. మన ఎండలకు గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి నెలన్నర, రెండు నెలలు. ముక్కు పురుగుకైతే నెల కాస్త అటూ ఇటూ. ప్రయాణానికి ప్రయాణానికి మధ్య బండి మూసి ఎండలో ఉంటుంది, లోపల వెచ్చగా, చీకటిగా, ఎవరూ కదిలించకుండా. అంతకంటే మంచి పురిటిగది వాటికి ఎక్కడ దొరుకుతుంది? పల్చటి ప్లాస్టిక్ సంచిని అవి కొరికి బయటపడతాయి కూడా. సంచి మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లులు కనిపిస్తే వాటి పనే.

చేయవలసింది ఇది. అలమరలో ఉన్న సరుకంతా బయటికి తీయండి. పురుగు పట్టిన కారం, పసుపు జల్లించి వాడదామని అమ్మగారు అంటారేమో, ఈసారికి పారేయమని నా మాటగా చెప్పండి. అలమర చెక్కల జాయింట్లలో, అడుగున పరిచిన కాగితం కింద, మేకుల సందుల్లో పిండి, కారం పేరుకుని ఉంటుంది. అక్కడే మళ్ళీ మొదలవుతాయి. పాత టూత్‌బ్రష్షుతో గీకి, వాక్యూమ్ క్లీనరు ఉంటే పీల్చి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పరిచిన కాగితం మళ్ళీ పరచవద్దు. ఇకమీదట బండిలోకి వెళ్ళే కారం, పసుపు, పప్పు, రవ్వ ముందు ఒక వారం ఇంటి ఫ్రిజ్‌లో పైన గడ్డకట్టే అరలో ఉండి రావాలి. గుడ్లతో సహా చస్తాయి. తీసిన వెంటనే మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే చెమ్మ పడుతుంది. తర్వాత గాజు సీసాలో, రబ్బరు వలయం ఉన్న స్టీలు డబ్బాలో పోయండి. బియ్యం నాలుగు రోజులకు సరిపడా మాత్రమే తీసుకెళ్ళండి. దారిలో కొనుక్కోవడానికి నెల్లూరు జిల్లాలో బియ్యానికి కరువా? ప్రయాణం నుంచి తిరిగొచ్చిన రోజే అలమర ఖాళీ చేయడం అన్నిటికంటే ముఖ్యం. అలిసిపోయి వస్తాం, రేపు చూద్దాం అనుకుంటాం. ఆ రేపు రెండు నెలలకు వస్తుంది.

వచ్చే ఎండాకాలం మరో ఉచిత వైద్యం ఉంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్న రోజు, అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండిలో ఎంత వేడి పుడుతుందో స్టీరింగు ముట్టుకుంటే తెలుస్తుంది. అలమర తలుపులు, సొరుగులు అన్నీ బార్లా తీసి, మంచాల స్పాంజి నిలబెట్టి, ఉదయం నుంచి సాయంత్రం దాకా అలా వదిలేయండి. అలమర లోపల చిన్న థర్మామీటరు పెట్టి చూడండి. 50 దాటి కొన్ని గంటలు నిలిస్తే నిల్వ సరుకు పురుగులు, స్పాంజిలో నల్లులు ఉంటే అవి కూడా చస్తాయి. అంతకుముందు గ్యాసు సిలిండరు, స్ప్రే డబ్బాలు, మందుబిళ్ళలు, ఫోన్లు దింపేయాలి.

చీమల గురించి రెండు మాటలు. చీమ ఎగరలేదు కనుక బండికీ నేలకూ ఎక్కడ అంటుకుని ఉందో అక్కడే ఎక్కుతుంది. నాలుగు టైర్లు, కరెంటు వైరు, నీళ్ళ గొట్టం, టాపు మీదికి వంగిన కొమ్మ. మన ఇళ్ళలో మంచంకోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టినట్టు టైర్లకు పెట్టలేం. కొమ్మ తగలకుండా నిలిపి, కొట్టులో అమ్మే చీమల సుద్దతో టైరు చుట్టూ నేల మీద గీత గీయండి. టైరు మీద కాదు, ఆ గీత పిల్లల చేతికి అంటకూడదు. వాడిన ఇంజను ఆయిలు పోయమని ఎవరో ఒకరు చెబుతారు. అది టైరు రబ్బరును తింటుంది, చీమ మాత్రం చుట్టూ తిరిగి వైరు మీదుగా వస్తుంది.

భైరవకోన వైపు కొండరాళ్ళ దగ్గర ఆగినప్పుడు మాత్రం పురుగుల కంటే తేళ్ళ మీద చూపు ఉంచండి. చెప్పులు మెట్టు మీద వదలకుండా లోపల పెట్టుకోవాలి, పొద్దున తొడుక్కునే ముందు దులపాలి. పిల్లలకు తేలు కుడితే ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ చిన్న మనవరాలికి నా జవాబు ఇది. మిణుగురు కూడా పెంకు పురుగే తల్లీ, మీ తాతయ్య బండిలోకి వచ్చిన మిగతావాటికి అది దూరపు చుట్టం. సీసాలో పెట్టుకోవచ్చు. మూతకు చిల్లులు పొడిచి, తడి గడ్డిపరక రెండు వేసి, ఒక్క గంట చూసి వదిలేయాలి. ఉదయగిరి కొండ కింద వాన వెలిసిన రాత్రి దొరుకుతుందేమో చూడు. కాకపోతే అది వెలగాలంటే మీ బండిలో దీపాలు ఆర్పాలి, తాతయ్య ఆ తెల్ల పట్టీ దీపాలు ఇంకా తీయించకపోతే నువ్వే గుర్తు చెయ్యి.